రెండు తోకల చుక్క

మా అమ్మ ముందు పళ్ళలో ఒకటి సగానికి విరిగి ఉండేది. ముంబై దగ్గర శాంతి నగర్‌లో మా సేటు షెడ్డులో ఆమె చక్రం మీద కండెలకు దారం చుడుతుండగా పక్క మరమగ్గంలోంచి నాడె ఎగిరి వచ్చి మూతికి తగిలింది. నాడె అంటే పడుగు దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తే కొయ్య ముక్క, రెండు కొసలకూ ఇనప ముక్కులుంటాయి. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కంటికి తగలలేదు, అదృష్టం అన్నారు అందరూ. సేటు కూడా అదే అన్నాడు. అంత అదృష్టవంతురాలు కాబట్టి మా అమ్మ ఆ మధ్యాహ్నమే నోట్లో గుడ్డ పెట్టుకుని మళ్ళీ పనిలో కూర్చుంది. సేటు పరాయివాడేం కాదు, కరీంనగర్ వైపు మా ఊరివాడే. వాళ్ళింట్లో ఏ శుభకార్యమైనా మొదట మాకే కబురొచ్చేది, గిన్నెలు తోమడానికి.

అప్పటినుంచి అమ్మ కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది లేదు. కానీ ఆ పన్నుతోనే పని చేసేది. కండె చుట్టేటప్పుడు దారం తెగితే ముడి వేసి, మిగిలిన కొసను తీసెయ్యాలి. మిగతా వాళ్ళు దానికి చిన్న కత్తెర వాడతారు. అమ్మ పళ్ళతో కొరికేది. మంచి పన్నయితే దారాన్ని నున్నగా తెంపుతుంది. అమ్మది సగం తెంపి సగం చీల్చేది. అందుకని ఆమె వేసిన ముడి కొస ఎప్పుడూ రెండుగా విడిపోయి ఉండేది. షెడ్డులో అందరికీ ఇది తెలుసు. కండె చేతిలోకి తీసుకుని చూసి, ఇది మీ అమ్మదే అని నాకిచ్చేవారు.

పదో తరగతి అయ్యాక నేనూ అమ్మ పక్కన ఇంకో చక్రం ముందు కూర్చున్నాను. నాన్న మాన్కోలి గోదాముల్లో లోడింగ్‌కు పోయేవాడు, మా సంగతులేవీ ఆయనకు పట్టేవి కావు. మేముండే ఖోలీ, ఒక్క గది, షెడ్డు వెనకాలే, అదీ సేటుదే. షెడ్డు పైన మేడ మీద సేటు కుటుంబం. ఆయనకు ఒక్కతే కూతురు, నాకన్నా మూడేళ్ళు పెద్దది. అక్కా అని పిలిచేదాన్ని. నోటి మాటగా కాదు, నిజంగా అక్క అనే అనుకున్నాను. ఆ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

అక్క కళ్యాణ్‌లో బీఎస్సీ చదివేది. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే మెట్ల మీద కూర్చోబెట్టుకుని ఫోన్‌లో ఫోటోలు చూపించేది. గురుగ్రహం మీది చారలు. ఈగ కన్ను, అందులో వందల కన్నులు. మంచు రేకు. సీతాకోకచిలుక రెక్క మీద ఇంటి పెంకుల్లా పేర్చిన పొలుసులు. చచ్చిపోయిన నక్షత్రం చుట్టూ మిగిలిన రంగుల పొగ. నేను అడిగే ప్రశ్నలకు సగం జవాబులు అక్క దగ్గర ఉండేవి కావు. రేపు పుస్తకంలో చూసి చెప్తాననేది, మర్చిపోయేది. నేను మాత్రం మర్చిపోయేదాన్ని కాదు.

ఒకసారి అమ్మ కూడా తొంగిచూసింది. అది కోటానుకోట్ల నక్షత్రాల గుంపు. అమ్మ కాసేపు చూసి, "గిదేంది, మన షెడ్డు మూలకు జమయిన పత్తి దుమ్మే గద. వీళ్ళు ఊడ్వరా?" అంది.

అక్కా నేనూ కడుపు పట్టుకుని నవ్వాం. కానీ మర్నాడు షెడ్డులో ఆ మూలకు పోయి చూశాను. అమ్మ అన్నది అబద్ధం కాదు. మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా, అదే మెలిక. ఆ రోజు నుంచి నాకు షెడ్డు షెడ్డులా కనపడలేదు.

అక్క కాలేజీ పని కోసం ఫోన్‌కు తగిలించుకునే చిన్న అద్దం ఒకటి కొనుక్కుంది. ఆవగింజను నిమ్మకాయంత చేసి చూపించేది. రెండు రోజుల్లో ఆమెకు విసుగొచ్చి దాన్ని నా చేతిలో పెట్టింది. ఇక నేను వదల్లేదు. మగ్గం నూనె చుక్క, ఉప్పు కల్లు, బొద్దింక మీసం, నా వేలి గోరు, ఏది దొరికితే అది. ఫోటోలు నావి, ఫోన్ అక్కది. ఆ తేడా ఉంటుందని నాకు తట్టనే లేదు.

మా దగ్గర మగ్గాలు శుక్రవారం ఆగుతాయి. వారంలో ఆ ఒక్కరోజే మనిషి గొంతు చించుకోకుండా మాట్లాడొచ్చు. అలాంటి ఒక శుక్రవారం మధ్యాహ్నం షెడ్డు కప్పులో పగిలిన రేకులోంచి ఎండ సన్నగా పడుతోంది. అంతకుముందు వారమే అక్క ఒక తోకచుక్క ఫోటో చూపించింది. దానికి రెండు తోకలు. ఒకటి దుమ్ముది, వంపు తిరిగి ఉంటుంది. రెండోది వాయువుది, సూర్యుడికి ఎదురు దిక్కుగా నిటారుగా పోతుంది. చూసిన దగ్గర్నుంచీ అమ్మ ముడి నా బుర్రలో తిరుగుతూనే ఉంది. సేటు పాత నల్ల గొడుగు తెచ్చి ఎండలో తెరిచిపెట్టాను. అమ్మను పిలిచి ఒక దారానికి ముడి వేసి కొరకమన్నాను. పని లేని రోజు కూడా పనేనా అని గొణిగింది, కానీ కొరికింది. అక్క అప్పుడు అక్కడ లేదు, టీ పెట్టడానికి పైకి పోయింది. ఒక తోక వంగింది, ఒకటి నిలబడింది, ముడి తెల్లగా మెరిసింది. నల్ల గుడ్డ మీద ఎగురుతున్న దుమ్ము చుక్కలై నిలిచింది. నేను ఊపిరి బిగబట్టి ఫోటో తీశాను.

అక్క కిందికి వచ్చి ఫోన్ తీసుకుని ఫోటోను పెద్దది చేసి చూసింది. తర్వాత, వాళ్ళ కాలేజీలో ప్రకృతి, సైన్సు ఫోటోల పోటీ ఉందనీ దీన్ని పంపుదామనీ అంది. మొదటి బహుమతి వచ్చినవాళ్ళను ముంబైలో ఒక ప్రయోగశాలకు తీసుకుంటారు. సూక్ష్మదర్శినితో ఫోటోలు తీయడం ఆరు నెలలు నేర్పి, తర్వాత అక్కడే పని ఇస్తారు. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. కండెల ముందు నుంచి లేచిపోయే దారి ఒకటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

"కాలేజీ పిల్లల పేరే రాయాలంటనే. నా పేరు మీద పంపుత. గెలిస్తె నువ్వే తీసినవని స్టేజీ మీద చెప్త" అంది అక్క. నేను సంతోషంగా తలూపాను. పైగా అక్కకు ఎంత శ్రమ ఇస్తున్నానో కదా అని బాధపడ్డాను కూడా. అంత వెర్రిదాన్ని.

ఫోటో గెలిచింది. సేటు షెడ్డంతటికీ పేడాలు పంచాడు. ప్రదర్శన చూపించడానికి టెంపో మాట్లాడి అందర్నీ కళ్యాణ్ తీసుకుపోయాడు. అమ్మ పెట్టెలోంచి పండగ చీర తీసి కట్టుకుంది. హాలు గుమ్మంలోనే మరాఠీలో పెద్ద బోర్డు. నేను మరాఠీ మీడియంలో చదివినదాన్ని, గడగడా చదివేశాను. జిల్లాలో ఎవరైనా పాల్గొనవచ్చు, చదువుతో నిమిత్తం లేదు అని ఉంది. మళ్ళీ చదివాను.

లోపల గోడ నిండా ఫోటోలు. పిడుగు పడుతున్న కొండ, సాలీడు కాళ్ళు, గ్రహణం పట్టిన సూర్యుడు. వాటి మధ్య నా ఫోటో, తలుపంత పెద్దది. కింద అక్క పేరు. దాని కింద, మా నాన్న మగ్గాల నుంచి, అని రాసి ఉంది. మగ్గాలు వాళ్ళ నాన్నవే, కాదనను. కానీ నా పేరు ఎక్కడా లేదు. అమ్మ సంగతి అడగనే అక్కర్లేదు.

న్యాయనిర్ణేతల్లో ఒక మరాఠీ పెద్దావిడ ఉంది, జుట్టంతా నెరిసింది. ఫోటో దగ్గర నిలబడి, దారం కొస ఇంత అందంగా రెండుగా ఎలా చీల్చావమ్మా అని అక్కను అడిగింది. అక్క తడుముకోకుండా, సూదితో అంది. గంటసేపు పట్టిందట.

ఇక నావల్ల కాలేదు. సూదీ లేదు ఏమీ లేదు, అది మా అమ్మ విరిగిన పన్ను, ఫోటో తీసింది నేను అని అనేశాను. హాలంతా వినపడింది. సేటు ముఖం నల్లబడింది. షెడ్డు జనం అంతా అక్కడే ఉన్నారు. కండె చూడగానే ఇది మీ అమ్మది అనేవాళ్ళే. ఒక్కొక్కరు గోడ మీది పిడుగునూ సాలీడునూ శ్రద్ధగా చూడటం మొదలుపెట్టారు.

ఆ పెద్దావిడ నన్ను కసురుకోలేదు. అమ్మ దగ్గరకు వచ్చి, ఈ ముడి మీరు వేసిందేనా అని హిందీలో మెల్లగా అడిగింది. నాకు ధైర్యం వచ్చింది. అమ్మ నోరు తెరిస్తే చాలు, పన్ను చూపిస్తే చాలు, ఇక వేరే సాక్ష్యం దేనికి? అమ్మ ఫోటో వైపు చూసింది. సేటు వైపు చూసింది. నా వైపు మాత్రం చూడలేదు. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది.

"నహీ మేడమ్. మేరా నహీ."

నాది కాదంది. అంతే. ఆవిడ నా భుజం తట్టి వెళ్ళిపోయింది. నేను అక్కడ అబద్ధాలకోరుగా మిగిలాను.

టెంపోలో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇంటికొచ్చాక అమ్మ స్టవ్ వెలిగించి, నాకు వీపు పెట్టి మాట్లాడింది. "ఖోలీ ఆళ్ళది, పని ఆళ్ళది. నేను అవునంటె రేపు పొద్దుగాల్ల యాడ ఉంటం బిడ్డా? ఫోటోనే గద, ఇంకోటి తీసుకుందువు తియ్యి." మొదటి మాట నాకు అర్థమైంది. రెండోదే అర్థం కాలేదు, ఇప్పటికీ కాదు. అక్క నా నమ్మకాన్ని వమ్ము చేసింది. ఆమె ఎంతైనా సేటు కూతురు, పోనీ అనుకోవచ్చు. అమ్మ అలా కాదు కదా. ఇంకోటి తీసుకోమంది, కూరగాయల బండి మీద పుచ్చువంకాయ వచ్చినట్టు.

అక్క మూడు రోజులకు కిందికి దిగింది. క్షమించమంటుందేమో అనుకున్నాను. "నీకు ఇంగ్లీషు రాదు, కంప్యూటర్ రాదు. ఆడికి పోయి ఏం జేస్తవే?" అంది. నా మంచి కోరినట్టే అంది. నేను చక్రం తిప్పుతూనే ఉన్నాను, తలెత్తలేదు.

తర్వాత ఇంకో సంగతి జరిగింది. ముంబై పోయేలోపు అక్క అమ్మను తన స్కూటీ మీద ఎక్కించుకుని నాగావ్‌లో పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. విరిగిన పన్నుకు తొడుగు వేయించింది. తొమ్మిదేళ్ళు ఆ ఇంట్లో ఎవరి కంటికీ కనపడని పన్ను ఒక్కసారిగా కనపడింది. అమ్మ తిరిగొచ్చి గోడకున్న అద్దంలో చూసుకుంది. కొంగు లేకుండా నవ్వింది. ఎంత బాగుందో. చిన్నప్పుడు చూసిన అమ్మ నవ్వు మళ్ళీ చూస్తున్నాను, సంతోషపడాలి. నాకు మాత్రం ఆ నవ్వు చూస్తే కడుపులో మంట రేగింది. అంత మండిపోయినందుకు నా మీద నాకే సిగ్గేసింది, అయినా మంట తగ్గలేదు.

ఇది జరిగి నాలుగేళ్ళయింది. అక్క తీసిన ఫోటోలు అప్పుడప్పుడు పేపర్లో పడతాయి. సేటు వాటిని కత్తిరించి షెడ్డు గోడకు అంటిస్తాడు. బాగుంటాయి, అబద్ధం చెప్పను. నేను ఇప్పటికీ కండెలే చుడుతున్నాను. కొరికితే తొడుగు ఊడుతుందని డాక్టరు చెప్పాక అమ్మ కూడా కత్తెరే వాడుతోంది. పోయిన నెల నాకంటూ ఒక ఫోన్, ఒక చిన్న అద్దం కొనుక్కున్నాను. శుక్రవారం మధ్యాహ్నం మగ్గాలు ఆగాక గొడుగు తెరిచాను. కప్పు రేకు ఇంకా ఎవరూ బాగు చేయించలేదు, ఎండ అక్కడే పడుతోంది. అమ్మను పిలిచాను. ఎందుకని అడగలేదు. వచ్చి, ముడి వేసి, కొరికి ఇచ్చింది.

అద్దంలోంచి చూశాను. కొస నున్నగా తెగింది. ఒకటే తోక.

అమ్మ నా ముఖం చూసి ఇంకో దారం తీసుకుంది. కొరికింది. అదీ అంతే. మరొకటి. పక్క పన్నుతో ప్రయత్నించింది, దవడ పక్కకు తిప్పి ప్రయత్నించింది. గొడుగు మీద తెల్లటి ముక్కలు పోగుపడ్డాయి. చాల్లే అమ్మా అన్నాను. ఆమె ఆగలేదు. చివరికి దారం ఒళ్ళో పడేసి, కొత్త పన్నును వేలితో తడుముకుంటూ కూర్చుంది.

"గది నా ముడే బిడ్డా," అంది. "నాదే ఉండె."

నాలుగేళ్ళు ఎదురుచూసిన మాట. షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం, మగ్గాలన్నీ ఆగిపోయి ఉన్నాయి. ఎవరూ వినడం లేదని అమ్మకు తెలుసు. నేను గొడుగు మూసేశాను.