మాడిన జీలకర్రకు పడిన ట్రౌట్

మా తోడల్లుడు నాకంటే వయసులో చిన్న. అయినా మా ఆవిడ అక్కను చేసుకున్నందుకు ఆయన నాకు అన్నయ్య అయ్యాడు, నేను తమ్ముణ్ణయ్యాను. ఇదేం న్యాయమని పెళ్ళిలోనే అడిగాను. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

అది పాత అవమానం. కొత్తది ప్లేనోలో వాళ్ళింట్లో, థాంక్స్‌గివింగ్ భోజనాల దగ్గర జరిగింది. నా చేత్తో కట్టిన మొదటి నింఫ్‌ను అరచేతిలో పెట్టి అందరికీ చూపించాను. మేఫ్లై అనే పురుగు రెక్కలు రాకముందు నీటి అడుగున రాళ్ళను పట్టుకుని బతుకుతుంది. ఆ పిల్ల పురుగే నింఫ్. ట్రౌట్ చేపలకు అదంటే ప్రాణం. చిన్న గాలానికి ఈకలూ దారాలూ చుట్టి ఆ రూపం తెప్పించడం ఒక విద్య. మా తోడల్లుడు కళ్ళజోడు తెప్పించుకుని మరీ చూశాడు.

“తమ్ముడూ, ఇది పురుగా? పోపులో మాడిన జీలకర్రలా ఉంది.”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ముందుగా ఎవరు నవ్వారో నాకు బాగా గుర్తు. మా ఆవిడే.

చేప పడింది తమ్ముడు కట్టిన పురుగుకేనని, జీలకర్ర అన్న ఆ నోటితోనే, నలుగురి ముందూ అనిపించాలని ఆ రోజే అనుకున్నాను.

వసంతకాలంలో వాళ్ళు బెంటన్‌విల్‌కి మా ఇంటికి వస్తున్నారని తెలియగానే గరాజ్‌లో బల్ల ముందు కూర్చున్నాను. గాలాన్ని బిగించి, ఫెజంట్ పిట్ట ఈక పీచులతో ముందు తోక కట్టాను. మిగిలిన పీచును పురుగు ఒంటిలా గాలానికి చుట్టాను. చేప పళ్ళకు అది తెగిపోకుండా పైన సన్నటి రాగి తీగ చుట్టాలి. సరిగ్గా అక్కడే తీగ అయిపోయింది. ఆర్డర్ చేసింది ఇంకా ఎక్కడో దారిలో ఉంది.

లోపల క్లాజెట్‌లో మా ఆవిడ నెమలికంఠం పట్టుచీర డ్రై క్లీనింగ్ కవర్‌లోనే వేలాడుతోంది. పైట చివర ఒక జరీ పోగు కాస్త ఊడి ఉంది. ఊడినదాన్నే లాగాను. లాగితే ఇంకొంచెం వచ్చింది. అందులో నా తప్పేముంది? తల దగ్గర ముడి వెయ్యడానికి పైట కుచ్చు ఒకటి కూడా కత్తిరించాను. అన్ని కుచ్చుల్లో ఒకటి తగ్గితే ఎవరు చూస్తారులే అనుకున్నాను.

మా ఆవిడ చూసింది. డ్రై క్లీనింగ్ షాపు వాళ్ళే పాడుచేశారని తేల్చింది. ఫిర్యాదులు రాయడంలో నేను చెయ్యి తిరిగినవాణ్ణని, ఆన్‌లైన్‌లో ఆ షాపు మీద రివ్యూ కూడా నాచేతే రాయించింది. చాలా బాగా వచ్చింది.

శనివారం పొద్దున ఇద్దరం ఆనకట్ట కింద నదికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాం. ఆయన దగ్గర కొత్త ఫిషింగ్ రాడ్, డబ్బా నిండా కొనుక్కొచ్చిన నింఫ్‌లు. చేప నాకు పడితే అదృష్టం అంటాడు, అందుకని ఆయన చేతే పట్టించాలి. చెట్టుకొమ్మలు బాగా వంగి ఉన్నచోటు చూసి, “ఇక్కడ చేపలు బాగుంటాయి అన్నయ్యా” అని మర్యాదగా నిలబెట్టాను. కాసేపటికి, విసిరినవన్నీ పైన చిక్కుకుని, కొమ్మలన్నీ ఆయన నింఫ్‌లతో కాపుకొచ్చినట్టు కనిపించాయి.

“తమ్ముడూ, నీ దగ్గర ఏమైనా ఉందా?”

“జీలకర్ర ఉంది. పర్లేదా?”

“ఇంకా గుర్తుపెట్టుకున్నావా? ఏదో ఒకటి ఇవ్వవయ్యా.”

ఇచ్చాను. కొమ్మలు లేని చోటికి కూడా మార్చాను. జరీ నీళ్ళలో ఒక్కసారి తళుక్కుమని మునిగింది. రెండో విసురుకే దారం బిగిసింది. మంచి రెయిన్‌బో ట్రౌట్. ఫొటో తీసుకుని చేపను వదిలేశాం.

“చూశావా, రాడ్ అంటే ఇదీ.”

“పురుగు నాది అన్నయ్యా.”

“పురుగుదేముంది తమ్ముడూ. ప్రెజెంటేషన్ ముఖ్యం.” ఆఫీస్‌లో కూడా ఆయన ఈ మాటతోనే పైకొచ్చాడని విన్నాను. నా నింఫ్‌ను పతకంలా తన టోపీకి గుచ్చుకున్నాడు. దారి పొడుగునా రాడ్ గురించే చెప్పాడు. నేను రేడియో పెట్టాను.

మధ్యాహ్నం వదినగారితో సహా అందరం భోజనాలకు చేరినా ఆయన టోపీ తియ్యలేదు. మా ఆవిడ పప్పు వడ్డిస్తూ ఆగింది.

“టోపీకి ఏంటది బావగారూ? మెరుస్తోంది.”

“ట్రౌట్‌ని పట్టిన నింఫ్, మరదలా. నా సెలెక్షన్.”

“ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వండి.”

ఆ టోపీ పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది.

“ఇది నా చీర జరీ. ఈ దారం నా కుచ్చుది.”

మా తోడల్లుడు ఆవిడ మొహం చూశాడు, గరిటె చూశాడు.

“నాకేం సంబంధం లేదమ్మా. అది పూర్తిగా తమ్ముడే కట్టాడు. మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా. నేను ఊరికే నీళ్ళలో వేశానంతే. చేప కూడా ఆ పురుగును చూసే వచ్చింది.”

మా ఆవిడ నావైపు తిరిగింది. నేను మాత్రం ఆయనవైపే చూశాను.

“కొంచెం గట్టిగా చెప్పండి అన్నయ్యా. వదినగారికి వినపడినట్టు లేదు.”

మళ్ళీ చెప్పాడు. ఈసారి గట్టిగా.

“ముందు ఆ షాపు వాళ్ళ రివ్యూ తీసెయ్యండి. మీ సంగతి తర్వాత చూస్తాను” అంది మా ఆవిడ. అంత బాగా వచ్చిన రివ్యూను నా చేతులతోనే తీసేశాను.

సాయంత్రం వాళ్ళు బయల్దేరారు. ఆయన ఆ టోపీ పెట్టుకునే కారెక్కాడు. నా నింఫ్ ఇంకా ప్లేనోలోనే ఉంది. ఇప్పటివరకూ తిరిగి ఇవ్వలేదు.