సూదమ్మ బండికి వేడి గ్రిప్పులు

ఏ ఇంటి ముందు బండి ఆపినా మా పిన్ని వెంటనే గంట నొక్కదు. గ్లౌజులు తీసి, రెండు చేతులూ చంకల్లో దోపుకుని, గోడ వైపు తిరిగి కాసేపు నిలబడుతుంది. తరవాత వేళ్లు బుగ్గకు ఆనించి చూసుకుంటుంది. బుగ్గ ఉలిక్కిపడకపోతేనే గంట నొక్కుతుంది. దారిన పోయేవాళ్లకు మాత్రం ఎవరి మీదో అలిగి నిలబడ్డ మనిషిలా కనిపిస్తుంది.

పిన్ని ఒక ల్యాబ్ తరఫున ఇళ్లకు వెళ్లి రక్తం తీస్తుంది. పరగడుపున తీయాల్సిన రక్తం కాబట్టి తెల్లవారుతూనే పని మొదలు. ఊరంతా ఎత్తుపల్లాలు, ఏడాదిలో సగం చలి. స్కూటరు ఆ ఎత్తులెక్కలేక మూలుగుతుందని మోటారు సైకిలు కొనుక్కుంది. నరాన్ని కంటితో కాదు, వేలితో వెతకాలంటుంది. రబ్బరు పట్టీ బిగించి, మోచేతి మడతలో వేలు అలా ఆనించి, కింద చిన్న స్ప్రింగులా ఎగిరే చోటు దొరికేదాకా కదలదు. దొరికాక ఒక్క పోటు, అంతే. పేషెంట్లు ఆమెకు సూదమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు పిన్నికి ఇష్టమే, పైకి చెప్పదు.

ఆమెకున్న ఇళ్లన్నిట్లో గొప్ప ఇల్లు టీచరమ్మగారిది. ఎప్పుడో రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ నరాలు దారప్పోగుల్లా సన్నగా ఉంటాయి, పైగా సూది చూస్తే పక్కకు తప్పుకుంటాయి. ఆస్పత్రిలో నర్సులు చేతులెత్తేసిన రోజున పిన్ని ఒక్క పోటుతో తీసింది. అప్పట్నుంచి ఆ ఇంటికి వేరే మనిషిని రానిచ్చింది లేదు. వాకిట్లో బండి చప్పుడు వినగానే ఆవిడ స్వెట్టరు చెయ్యి మడుచుకుని కూర్చునేది.

మొన్న చలికాలంలో పిన్నికి జ్వరం వచ్చింది. బదులుగా ల్యాబ్‌లో కొత్తగా చేరిన పిల్ల వెళ్లింది. పిన్ని లేచి తిరిగాక టీచరమ్మగారు చెయ్యి చాస్తూ అన్నారు.

"ఆ పిల్ల చేతులు ఎంత వెచ్చగా ఉన్నాయనుకున్నావ్. పట్టుకుంటే హాయిగా ఉంది. నీవి మంచుముక్కలే తల్లీ."

పిన్ని నవ్వింది. ఆ నవ్వు పెదాలు దాటి లోపలికి పోలేదు.

ఆ రోజు ల్యాబ్ వెనక బండ్లు నిలిపే చోట, ఎవరూ లేకుండా చూసి, కొత్త పిల్ల అప్పుడే నిలిపి వెళ్లిన బండి కుడి హ్యాండిల్ పిన్ని పట్టుకుంది. వెచ్చగా ఉంది. వేడి గ్రిప్పులు, బ్యాటరీతో కాగే రబ్బరు పిడులు. పిన్నికి అంతా అర్థమైపోయింది, లేదా అర్థమైపోయిందనుకుంది. ఇదన్నమాట సంగతి, చేతుల్లో ఏమీ లేదు, అంతా రబ్బరులో ఉంది.

మర్నాడు ల్యాబ్ కౌంటరులో కూర్చునే పెద్దాయన పిలిచాడు.

"వచ్చే నెల నుంచి వీధులు పంచేస్తున్నాం. టీచరమ్మగారిది ఎవరికివ్వనూ?"

"అది నాదేగా," అంది పిన్ని.

"నేనూ అదే అనుకుని ఫోన్ చేశాను. ఎవర్ని పంపినా ఫరవాలేదన్నారు. ఇంకోసారి నువ్వెళ్లిరా, తరవాత చూద్దాం."

ఆ పిల్లే కావాలి అని ఉంటే పిన్ని ఓర్చుకునేదేమో. ఎవర్ని పంపినా ఫరవాలేదు అన్న మాట ఓర్చుకోలేక బండిని నేరుగా మెకానిక్ దగ్గరికి తిప్పింది.

మెకానిక్ షెడ్డులో బల్ల మీద గ్రిప్పులు పరిచాడు. సన్నవి, లావువి, పైన చుట్టుకునే గుడ్డ తొడుగులు. పిన్ని వాటి వైపు చూడకుండానే అడిగింది.

"మా ల్యాబ్ పిల్ల బండికున్నవి ఏవి?"

"ఈ సన్నవే అక్కా. మంచివి."

"వీటికంటే ఎక్కువ కాలేవి?"

మెకానిక్ లావు జత ముందుకు తోశాడు. "ఇవి. కానీ మీరు చూడాల్సింది వేడి కాదు, మీ చెయ్యి. ఇంత లావు గ్రిప్పు మీద నుంచి క్లచ్ అందుకోవాలంటే మీ వేళ్లు చాలవు. ఏదీ, పట్టి చూడండి."

పిన్ని పట్టి చూసింది. చాలలేదు. "అలవాటవుతుందిలే. ఇవే వెయ్యి."

"సరే. తాళం తీస్తే ఆగిపోయేలా వైరు కలుపుతా."

"తాళం తీస్తే చల్లారిపోవూ? నేను లోపల పని చేసుకుని వచ్చేసరికి మళ్లీ మొదటికొస్తుంది. నేరుగా బ్యాటరీకి కలుపు."

"బ్యాటరీని తాగేస్తాయక్కా."

"తాగనీ."

"బండి మీది, బ్యాటరీ మీది. తోసుకుంటూ వచ్చేటప్పుడు మాత్రం నన్ను తిట్టుకోకండి."

ఇంటికొచ్చి చూపిస్తే బాబాయి చుట్టూ తిరిగి చూశాడు. "పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందని విన్నాను గానీ, షెడ్డుకెళ్లి డబ్బిచ్చి పెట్టించుకోవడం ఇదే చూడ్డం," అన్నాడు. పిన్ని రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ వారమంతా పిన్ని చేతులు పొయ్యి మీద పెనాల్లా ఉన్నాయి. గ్లౌజులు మానేసింది. గోడ వైపు తిరిగి నిలబడ్డమూ మానేసింది. ఎవరైనా "ఇవాళ చేతులు వెచ్చగా ఉన్నాయే" అంటారేమోనని ప్రతి ఇంట్లోనూ మణికట్టు ఇంకాస్త ఎక్కువసేపు పట్టుకునేది. ల్యాబ్‌లో కొత్త పిల్లకు కాగితాలు అందిస్తూ కావాలనే వేళ్లు తగిలించింది.

"అక్కా, మీకు మళ్లీ జ్వరం తిరగబెట్టిందా?" అంది ఆ పిల్ల నిజంగానే కంగారుపడి.

టీచరమ్మగారి రోజు వచ్చింది. పిన్ని గ్రిప్పుల వేడి చివరి మెట్టుకు పెట్టి బయల్దేరింది. ఎత్తుల్లో క్లచ్ పట్టి పట్టి ఎడమచేతి వేళ్లు లాగుతున్నాయి, అరచేతులు ఎర్రబడ్డాయి. టీచరమ్మగారి ఇల్లు పల్లపు సందులో ఉంది. స్విచ్ ఆపకుండానే బండి వాకిట్లో నిలిపి లోపలికెళ్లింది.

చెయ్యి పట్టుకోగానే ఆవిడ "అబ్బ, కాలుతోందే" అన్నారు. మెచ్చుకోలో ఫిర్యాదో తెలియలేదు. పిన్ని పట్టీ బిగించి, చేతికి పల్చటి తొడుగు వేసుకుని, మడతలో వేలు ఆనించింది. వేలి కింద ఏదో కొట్టుకుంటోంది. జరిపి చూసింది, అక్కడా కొట్టుకుంటోంది. ఎక్కడ పెడితే అక్కడే. కొట్టుకుంటున్నది టీచరమ్మగారి నరం కాదు, కాగి ఉబ్బిన తన వేలే అని తెలిసేసరికి సూది దిగిపోయింది. ట్యూబులోకి చుక్క రాలేదు.

రెండోసారి వేరే చేతికి పొడిచింది. వచ్చింది. టీచరమ్మగారు కళ్లు గట్టిగా మూసుకున్నారు.

బయటికొచ్చి తాళం తిప్పితే బండి ఉలకలేదు పలకలేదు. కిక్ లేని బండి. తోసి స్టార్టు చేద్దామంటే ఎటు చూసినా ఎత్తే. గ్రిప్పులు మాత్రం ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి. పెట్టెలో రక్తం ఎక్కువసేపు ఆగదు. పిన్ని ల్యాబ్‌కు ఫోన్ చేసి సందు పేరు చెప్పి పెట్టేసింది. ఎవర్ని పంపుతారో అడగక్కర్లేకపోయింది.

కొత్త పిల్ల వచ్చి, పెట్టె తన బండికి కట్టుకుంటూ, పిన్ని బండి సీటు కింద నుంచి పోతున్న వైరు చూసింది.

"నేరుగా బ్యాటరీకా అక్కా? మెకానిక్ అన్న చెప్పలేదా?"

"చెప్పాడు."

"మరి?"

"నీవి తాళం తీస్తే చల్లారతాయిగా. నావి చల్లారకూడదనీ."

ఆ పిల్లకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "నా చేతులు పుట్టినప్పట్నుంచీ ఇంతే అక్కా. ఇది మా అన్నయ్య పాత బండి. ఎడమ గ్రిప్పు అసలు పనే చేయదు. కావాలంటే పట్టి చూడండి."

పిన్ని పట్టి చూడలేదు. గ్రిప్పులైతే కొనుక్కోవచ్చు. పుట్టుకతో వచ్చిన వెచ్చదనం ఏ షెడ్డులో దొరుకుతుంది? అంతవరకూ గ్రిప్పుల మీదున్న అసూయ ఆ క్షణాన మనిషి మీదికి మారి అక్కడే కూర్చుంది.

టీచరమ్మగారు గుమ్మంలోకి వచ్చారు. రెండు చేతుల మడతల్లోనూ దూది ఉంది.

"కోపం కాదమ్మాయ్," అన్నారు పిన్నితో. "నువ్వంటే నాకెంతో ఇష్టం. కానీ ఈ వయసులో రెండేసి పోట్లు ఓర్చుకోలేను. వచ్చేసారి ఈ పిల్లనే రానీ."

"అలాగేనండి," అంది పిన్ని. బండి హ్యాండిల్ పట్టుకుని ఎత్తు మీదికి తోయడం మొదలుపెట్టింది.

వారం తిరక్కుండా లావు గ్రిప్పులు పీకించి సన్నవి వేయించింది. తాళం తీస్తే అవి ఆగిపోతాయి.

కొత్త పిల్ల ఆ ఇంటి నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ పిన్ని అడుగుతుంది, "ఎన్ని పోట్లు?" అని. "ఒక్కటే అక్కా" అంటుంది ఆ పిల్ల గొంతు తగ్గించి. పిన్ని తలూపి తన పని చూసుకుంటుంది.

ఇప్పుడు పిన్నికి ఊరి పడమటి వైపు వీధులు ఇచ్చారు. టీచరమ్మగారి సందు కొత్త పిల్లది.