పొగ రాని డొక్కలు

ఇరవై ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇక నా వల్ల కాదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సముద్రం ఒడ్డున బాంబూఫ్లాట్ అనే ఊళ్లో మా పాక, నీలమ్మక్క పాక పక్కపక్కనే ఉండేవి. ఇద్దరం కొబ్బరి ఆరబెట్టి అమ్మేవాళ్లం. వెదురు తడకల మీద కొబ్బరి చిప్పలు పరిచి, కింద కొబ్బరి డొక్కలతో మంట పెట్టడం మా పని. ఏడాదిలో సగం వానలే. తడి డొక్కలు పొగ చిమ్మి కొబ్బరిని నల్లగా చేసేవి. నాకొక కిటుకు దొరికింది. డొక్కల్ని మూత పెట్టిన ఇనుప డ్రమ్ములో వేయించి, బొగ్గు కాకముందే తీసేసేదాన్ని. అలా వేయించినవి పొగ లేకుండా భగ్గుమంటాయి. అందుకని గుప్పెడు గుప్పెడే వేసేదాన్ని. నా కొబ్బరి తెల్లగా దిగేది. ఆ గొప్ప నా ఒక్కదానికే ఉండాలనుకున్నాను.

ఒకరోజు అక్క డొక్కలు వానకు తడిసిపోయాయి. నన్ను ఒక తట్టెడు అడిగితే నేను వేయించినవే ఇచ్చాను.

"నీ డొక్కలకి పొగే రాదేటి సెల్లీ? ఏటి సేస్తన్నావు?"

"ఏటీ లేదక్కా. ఎండలో ఎండబెట్టినాను, బస్."

గుప్పెడే వెయ్యమంటే ఎందుకని అడుగుతుంది. కిటుకు బయటపడుతుంది. అందుకే నోరు మూసుకున్నాను. నిజంగా అందుకేనా? ఆమె కొబ్బరి కాస్త మాడితే బాగుండునని లోపలెక్కడో అనుకోలేదా? అనుకున్నాను. కొబ్బరి మాడాలనుకున్నాను గాని చేతులు కాలాలని కాదు కదా అని ఇన్నేళ్లూ నాకు నేనే సర్దిచెప్పుకుంటున్నాను, ఆ తేడా ఆమె చేతులకేం తెలుసు?

ఆమె ఎప్పటిలా సగం తట్ట కుమ్మరించింది. నిప్పు అడుగున రాజుకుంటోంది గాని పొగ రాలేదు. అంటుకోలేదనుకుని మిగతా సగమూ కుమ్మరించి నీళ్లకు వెళ్లింది. తిరిగొచ్చేసరికి తడకలు మండుతున్నాయి. ఉత్త చేతులతో వాటిని లాగింది. రెండు చేతుల వేళ్లూ ముడుచుకుపోయాయి.

అందరూ ఆమె పరాకే అన్నారు. ఆమె మొగుడూ అన్నాడు. చివరికి తనూ ఒప్పుకుంది. నేను పక్కన నిలబడి తలూపాను. ఆ రోజు నుంచి ఆమె పొయ్యి ముట్టించలేదు. తన బుద్ధి మీదే తనకు నమ్మకం పోయింది.

ఇప్పటికీ దీపం పెట్టాలంటే నన్నే పిలుస్తుంది. నిన్నా పిలిచింది. నిప్పు నా మాట వింటుందట. వెలిగించి, ఏమీ చెప్పకుండా వచ్చేశాను. రేపు చెబుతానా? నన్ను నేను నమ్మను. ఆ రోజు అనాల్సిన మాట కనీసం ఈ కాగితం మీదైనా అననివ్వండి. రాస్తుంటే కాస్త ఊపిరాడుతోంది.

ఎండబెట్టినవి కావక్కా. డ్రమ్ములో ఏయించినవి. గుప్పెడు సాలు.