ఊళ్ళో ఎటువైపు?

మానవవాదం గురించి మాట్లాడేవాళ్ళను నేను ఓ పట్టాన నమ్మను. అలాంటి మనిషి ఇంట్లోనే పుట్టాను మరి.

మా నాన్న పొన్నూరు దగ్గర బడిపంతులు. పురోహితుడూ ముహూర్తమూ లేని దండల పెళ్ళిళ్ళు చేయించేవాడు. ప్రతి పెళ్ళిలోనూ అరగంట ఉపన్యాసం. నీతి ఆకాశం నుంచి ఊడిపడలేదనీ, మనుషులే మనుషుల కోసం ఏర్పరచుకున్నారనీ, ఆ మాటన్నందుకు ఏయే దేశాల్లో ఎవరెవరు ఎన్నెన్ని దెబ్బలు తిన్నారో చెప్పడం మొదలుపెట్టి, మన దగ్గర పేరు చివర కులం తోక కత్తిరించుకున్నవాళ్ళ దాకా వచ్చేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు. నేను మాత్రం ఆయన్ను ఓ కంట కనిపెడుతూ ఉండేదాన్ని.

ఎందుకంటే ఇంటికి ఎవరొచ్చినా ఆయన ముందు "మీదే ఊరండీ?" అనేవాడు. వెంటనే, "ఊళ్ళో ఎటువైపు?" మా ప్రాంతంలో ఆ రెండో ప్రశ్నకు దిక్కులతో పనిలేదు. రామాలయం బజారా, చర్చి వీధా అన్నది తెలిస్తే చాలు, కులం వేరే అడగక్కర్లేదు.

ఇంటర్ చదివే రోజుల్లో, ఇద్దరం కూర్చుని మిరపకాయలకు తొడాలు తీస్తుంటే మొహమ్మీదే అడిగేశాను. "ఇదేం మానవవాదం నాన్నా?"

ఆయన కోప్పడలేదు. "నోరు మార్చుకున్నానమ్మా. చెవి ఇంకా మారలేదు" అన్నాడు.

తప్పించుకోవడానికి అన్నాడనుకున్నాను. ఆయన పోయేదాకా అలాగే అనుకున్నాను.

మొన్న వేసవిలో మా అమ్మాయి ఒక అబ్బాయిని బ్రాడీపేటలో మా ఇంటికి తీసుకొచ్చింది. పెళ్ళి చేసుకుంటామంది. మార్టూరు దగ్గర పల్లెటూరట, ఇంజినీరట. మర్యాదస్తుడు. మజ్జిగ ఇచ్చాను. ఇచ్చి, ఏమాత్రం ఆలోచించకుండా, "ఊళ్ళో ఎటువైపు బాబూ?" అన్నాను.

అమ్మాయి గ్లాసు ఠపీమని కింద పెట్టింది. "తాతయ్యకి అన్నేళ్ళు కాపలా కాశావు. చివరికి కంచే చేను మేసిందన్నమాట! అది తెలిస్తేనే పెళ్ళికొస్తానంటే నువ్వు రావద్దమ్మా. మేం రిజిస్టర్ ఆఫీసుకెళ్ళి చేసేసుకుంటాం."

సిగ్గుతో చచ్చిపోయాను. అబ్బాయి మాత్రం, "పర్లేదండీ, చెప్తాను" అన్నాడు.

"వద్దు బాబూ, చెప్పొద్దు. మీ పెళ్ళికి దండలు నేనే తెస్తాను" అన్నాను.

మనస్ఫూర్తిగానే అన్నాను. అయినా, ఒకవేళ చెబుతాడేమోనని చెవులు రిక్కించుకునే కూర్చున్నాను.