షిప్పు స్టోర్ పని నేర్చుకోవడానికి పెద్దశంకరంపేట దాకా

మెదక్‌లో ఒక ఫంక్షన్ హాల్‌కు స్టోర్ కీపర్‌ని. రెండేళ్లుగా పర్యాటక నౌకలు ఎలా నడుస్తాయో ఫోన్‌లో చదివి నోట్సు రాసుకుంటున్నాను. ఈ శుక్రవారం హైదరాబాద్‌లో షిప్పు స్టోర్ అసిస్టెంట్ పనికి ఇంటర్వ్యూ ఉంది. చదివింది చాలు, చూసినవాళ్లను అడగాలనిపించింది. నాకు తెలిసిన అలాంటి మనిషి నర్సింలు ఒక్కరే. షిప్పు వంటగదిలో తొమ్మిదేళ్లు చేసి, ఇప్పుడు పెద్దశంకరంపేటలో టిఫిన్ హోటల్ నడుపుతున్నారు.

ఆయనకు ఫోన్‌లో సంగతి చెప్పి, ఉదయం ఏడింటికి ఆ ఊరి మీదుగా వెళ్లే నారాయణఖేడ్ బస్సెక్కాను. టికెట్ యాభై రూపాయలు, ప్రయాణం గంటకు పైనే. నేను వెళ్లేసరికి ఆయన పూరీలు వేస్తున్నారు.

"ఏం తమ్మీ, షిప్పెక్కుతవంట! ఈత వస్తదా?"

"రాదన్నా."

"నాకూ రాదు. కూసో, పూరి తిను."

పది దాటి గిరాకీ తగ్గాక మాట్లాడారు. షిప్పు నడిపేది కెప్టెన్ అయినా, గదులు, భోజనాలు చూసే హోటల్ విభాగానికి వేరే మేనేజర్ ఉంటాడట. పొద్దున రేవుకొస్తే సాయంత్రానికి బయల్దేరాలి. ఆలోపే పాత ప్రయాణికులు దిగాలి, గదులు సర్దాలి, వారానికి సరిపడా సరుకు ఎక్కాలి.

"మీ హాల్ల బియ్యం తక్కువైతే బజారుకు ఉరుకుతవ్. నడిసముద్రంల యాడికి ఉరుకుతవ్?" అని నవ్వి, ఉన్నట్టుండి అడిగారు. "రెండు గంజుల బగారన్నం మిగిలింది. ఏం జేస్తవ్?"

"వడ్డించినోళ్లకు, గిన్నెలు కడిగినోళ్లకు కట్టిస్త." మా దగ్గర ఇది అడగాల్సిన సంగతే కాదు.

"పోయింది నీ నౌకరీ! ఆడ టైం దాటిన అన్నం తూకమేసి, రాసి, పారేసుడే. ఇంత మూట కట్టుకున్నా దించేస్తరు. ఒక్కనికి కడుపునొప్పి లేస్తే షిప్పంత పాకుతది."

ఆయన అడగకపోతే శుక్రవారం ఇంటర్వ్యూలోనూ కట్టిస్తాననే చెప్పేవాడిని. "పారేస్తుంటే మనసెట్ల ఒప్పిందన్నా?" అన్నాను.

"మొదటి నెల ఒప్పలే. తూకం ఎందుకేస్తున్నరో సమజయినంక ఒప్పింది. ఎంత మిగిలిందో తెలిస్తేనే కదా రేపు తక్కువ వండేది? నువ్వేమన్న రాస్తవా?"

ప్రతి పెళ్లికీ ఎన్ని ప్లేట్లు చెప్పారో, ఎంతమంది తిన్నారో, ఎన్ని గంజులు, అంటే పెద్ద గిన్నెల అన్నం, మిగిలిందో పదేళ్లుగా రాస్తున్నానని చెప్పాను. దేనికో నాకే తెలియక ఎవరికీ చూపలేదు.

ఆయన గరిటె పక్కన పెట్టేశారు. "అరే, గీ మాట ముందుగాల చెప్పద్దా! ఆ బుక్కు పట్టుకపో. సర్టిఫికెట్ తర్వాత, ముందు గదే చూపియ్యి."

తిరుగు బస్సులో ఆ పదేళ్ల లెక్కలే తలలో తిరిగాయి. వేసవి పెళ్లిళ్లలో ఎప్పుడూ మధ్యాహ్నమే ఎక్కువ మిగిలేది. ఒక్కసారైనా వంటమాస్టర్‌కు చెప్పలేదు. ఈసారి ఊరు చేరగానే చెప్పాను. నిన్నటి పెళ్లికి అర బస్తా బియ్యం తగ్గించాడు, ఎవరికీ తక్కువ కాలేదు. పనివాళ్లందరికీ ఎప్పటిలాగే అన్నం కట్టించాను. ఉద్యోగం వస్తుందో లేదో తెలియదు. షిప్పులో మిగిలింది పారేస్తావా అని అడిగితే మాత్రం, తూచి పారేస్తాను, మర్నాడు తక్కువ వండిస్తాను అని తడబడకుండా చెప్పగలను.

ఒక్క సూచన: మెదక్ దగ్గర శంకరంపేటలు రెండు, దారులు వేరు. బస్సెక్కేముందు పెద్దదా చిన్నదా అని కండక్టర్‌ను అడిగి మరీ కూర్చోండి.