చిట్టి తెంపని పోగులు

నిన్న బీరువా సర్దుతుంటే బాపు నేసిన పాత తువ్వాల దొరికింది. అంచు దగ్గర వేలికి ముళ్లు తగిలాయి.

నా చిన్నప్పుడు సిద్దిపేటలో మా ఇంట్లో మగ్గంతో పాటు చిట్టి అనే కోతి ఉండేది. తల్లి చచ్చిపోయిన పిల్లను బాపు తెచ్చి, పాలు పట్టి పెంచాడు. అది నూలు కండెలు ఎత్తుకెళ్లేది, గంజి కుండలో చేయి ముంచి నాకేది. బాపు నవ్వి ఊరుకునేవాడు.

ఒక మధ్యాహ్నం బాపు అన్నానికి లేచినప్పుడు నేను మగ్గం మీద కూర్చుని ఆయనలా నేయబోతే పడుగు పోగులు పటపటా తెగాయి. గబగబా కొన్నింటికి నాకొచ్చినట్టు ముళ్లు వేశాను.

"ఎవలు తెంపిన్రు?" అన్నాడు బాపు.

"చిట్టి," అన్నాను.

"గిట్లయితే బతుకుడెట్ల?" అంటూ దాన్ని సైకిలెక్కించుకుని ఊరి బయట గుట్ట దగ్గర వదిలొచ్చాడు. వెళ్లేటప్పుడు షికారనుకుందేమో, బాపు మెడ పట్టుకుని నన్ను చూసి పళ్లికిలించింది.

మర్నాడు పోగులు అతకబోయిన బాపు చేయి ఆగింది.

"కోతికి ముడేసుడు ఎప్పుడొచ్చింది బిడ్డా?" అన్నాడు నెమ్మదిగా.

ఆయన అరటిపండ్లు తీసుకుని మళ్లీ గుట్టకు పోయాడు. సాయంత్రం తిరిగొచ్చినప్పుడు పండ్ల సంచి హ్యాండిల్‌కు అలాగే వేలాడుతోంది.

నా ముళ్లు విప్పకుండానే నేసి, ఆ తువ్వాలను అమ్మకుండా ఇంట్లో ఉంచాడు. స్నానమయ్యాక దానితోనే నా తల తుడిచేవాడు. ఒక్కనాడూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.