కృతజ్ఞత కూడిక తర్వాత

ఆ ఉదయం సుగుణ జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోయింది. "ఏవండీ, ఒకసారి ఇటు రండి. వేళ్లు మాట వినడం లేదు" అని పిలిచింది. నా భార్య రామచంద్రపురం దగ్గర ప్రాథమిక పాఠశాలలో టీచరు. ఆ రోజు బడికి సెలవు పెట్టింది. వాతమన్నారు. నూనెలు రాశాం.

రాజమండ్రిలో రక్తపరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్ల జబ్బన్నారు. మెథోట్రెక్సేట్ మాత్రలతో కడుపులో తిప్పేదేగాని వాపు తగ్గలేదు. వాపుని అణిచే బయోలాజిక్ అనే ఇంజెక్షన్ కొన్ని నెలలు పనిచేసింది, మళ్లీ మణికట్లు వాచాయి. మందు మార్చారు. అదీ అంతే. చివరికి రెండు బయోలాజిక్స్ కలిపి ఇద్దామన్నారు.

"మామూలుగా ఇలా కలపమండి. రెండూ ఇమ్యూనిటీని చెరో వైపు నుంచి తగ్గిస్తాయి. ఇన్ఫెక్షన్ వస్తే కష్టం. ఆవిణ్ణి జనంలోకి పంపకండి" అన్నారు డాక్టరు. నేను వెనకాడాను. సుగుణ ఆలోచించకుండా ఒప్పుకోలు కాగితం మీద సంతకం చేసింది.

మందులు పనిచేశాయి. అది దాచను. కొన్నాళ్లకి తన జడ తనే వేసుకుంది.

మా చర్చి సంఘంలో జబ్బు నయమైతే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెడతారు. ప్రార్థన, దేవుడు చేసిన మేలు చెప్పే సాక్ష్యం, భోజనం. నేను వద్దన్నాను. సుగుణ అక్క మార్తమ్మ వదిన ఒప్పుకోలేదు. "జనంలోకి వెళ్లొద్దన్నాడు గానీ, జనాన్ని రావద్దన్నాడా మరిదిగారూ?" అంది. అందరూ నవ్వారు. సుగుణ కూడా కూడిక కావాలనే అంది.

హాలు నిండింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె చేతులు పట్టుకుని చూశారు. ఇద్దరు ముగ్గురు దగ్గుతున్నారు. "టీచరమ్మా, ఇక మీ ఆయనకి వంట తప్పినట్టే" అంది ఒకామె.

"ఇప్పుడిప్పుడే ఉప్పు సరిగ్గా వేస్తున్నారండి, మానిపించకండి" అంది సుగుణ.

తర్వాతి వారం ఆమెకి దగ్గు మొదలైంది. జ్వరం లేదు కదా అని ఆ మందుల తర్వాతి డోసు కూడా వేయించుకుంది. ఆయాసం వచ్చాక ఆసుపత్రికి తీసుకెళ్లాం.

"జ్వరం వచ్చాక చూద్దామని ఆగారా? ఈ మందుల మీద రాకపోవచ్చండి. దగ్గు రాగానే ఫోన్ చేయాల్సింది" అన్నారు డాక్టరు.

ఆ మాట సంతకం పెట్టించుకున్న రోజు చెప్పలేదు. న్యుమోనియా, అది రక్తానికి పాకి సెప్సిస్, వెంటిలేటర్. ఐసీయూ నుంచి ఆమె ఇంటికి రాలేదు.

సమాధి దగ్గర కొందరు మందులే చంపాయన్నారు. కొందరు విశ్వాసం చాలలేదన్నారు. వాళ్లంతా ఆ కూడికలో మా ఇంట్లో భోంచేసినవాళ్లే. ఇప్పుడు ఆదివారం చర్చిలో వెనక బల్ల మీద కూర్చుని, ఆశీర్వచనం కాగానే వచ్చేస్తాను. వదినతో మాటల్లేవు.

ఈ మందులు వాడేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, దగ్గు వినిపించిన రోజే డాక్టరుకి ఫోన్ చేయండి. జ్వరం కోసం ఆగకండి. తర్వాతి డోసు వేయించాలో వద్దో ఆయన్నే అడగండి. ఈ మందులు వాడినన్నాళ్లూ ఎవరైనా దగ్గుతూ చూడటానికొస్తే గుమ్మంలోంచే పంపించేయండి. వాళ్లకి కోపమొస్తుంది. రానివ్వండి.